మితవ్యయ యాత్ర - లిమా నగరం

పాఠ్యభాగ నేపథ్యం

తెలుగులో యాత్రారచనకు దాదాపు రెండు వందల ఏండ్ల చరిత్ర ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదుల మీదుగా కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. దారిలో ఏ ఊరిలో బస దొరికింది, ఎక్కడ సరుకులు దొరకవు, ఏ నదిని ఎలా దాటవలసి వచ్చింది అనే విషయాలను ఆయన ఏ రోజుకారోజు రాసుకొన్నాడు. ఆ దినచర్యే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. ఆయన వెంట దాదాపు నూరుగురు పరివారం ఉండేది. ఈ పాఠంలోని యాత్రికుడి వెంట ఉన్నది వీపున ఒక సంచి మాత్రమే. అయినా ఇద్దరినీ పీడించిన ప్రశ్నలు ఒకటే: ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలి? రేపు ఏమి తినాలి?

పాఠ్యాంశం

పుంగనూరుకు సమీపంలో చౌడేపల్లె ఉంది. బోయకొండ గంగమ్మ దర్శనానికి వెళ్లే భక్తులకు ఈ ఊరి పేరు సుపరిచితం. చుట్టూ గుండ్లు పేర్చినట్లున్న కొండలు, వాన పడితే నిండే చెరువులు, మిగిలిన రోజుల్లో ఆకాశం వైపు చూసే చేలు. ఈ సీమలో వేరుశనగను చెనిక్కాయ అంటారు, బంగాళాదుంపను ఉర్లగడ్డ అంటారు. టమాటను మాత్రం ఏ పేరుతో పిలిచినా దాని ధరను నిర్ణయించేది మదనపల్లె మార్కెట్టే. 2023 జూలైలో అక్కడ కిలో టమాట నూరు రూపాయలు దాటి ఇంకా పైకి పోయింది. రెండు నెలలు తిరగకముందే కోత కూలి కూడా రాని ధరకు దిగివచ్చింది.

అటువంటి రైతు ఇంట పుట్టి, మదనపల్లెలో చదువు ముగించి, బెంగుళూరులో నాలుగేండ్లు ఉద్యోగం చేసిన ఒక యువకుణ్ణి ఊహించుకోవచ్చు. నాలుగేండ్లలో అతడు కూడబెట్టింది రెండున్నర లక్షల రూపాయలు. దక్షిణ అమెరికాను చూడాలన్నది అతని చిరకాల వాంఛ. ఆ మాట ఇంట్లో చెప్పినపుడు తండ్రి వెంటనే కాదనలేదు. కొంతసేపు ఊరకుండి, "ఆ దుడ్డుతో బోరు వేయించుకోవచ్చు గదరా" అన్నాడు.

"నీళ్లు పడకపోతే, నాయనా?"

"పడితే?"

రాయలసీమలో ఈ రెండు ప్రశ్నలకు సమాధానం భూమి లోపల ఉంటుంది. యువకుడు లక్ష రూపాయలు తండ్రి చేతిలో పెట్టాడు. మిగిలిన లక్షన్నరతో ప్రయాణానికి సిద్ధపడ్డాడు. వెళ్లదలచిన నగరం పెరూ దేశ రాజధాని లిమా. "అక్కడ ఏముందిరా?" అని అడిగిన తండ్రికి, "మన చెనిక్కాయ అక్కడినుంచి వచ్చిందే" అని అతడు బదులు చెప్పాడు. తండ్రి నమ్మలేదు. నమ్మకుండానే, "అయితే గుప్పెడు విత్తనాలు పట్టుకురా" అన్నాడు.

మదనపల్లె ప్రాంతానికీ దక్షిణ అమెరికాకూ సంబంధం కొత్తది కాదు. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి 1935లో ఆ ఖండంలో నెలల తరబడి పర్యటించి, అప్పటి బ్రెజిల్ రాజధాని రియో డి జనీరోలోను, మాంటెవీడియో, బ్యూనస్ ఎయిరిస్, శాంటియాగో నగరాలలోను ప్రసంగించాడు. 1919లో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో అతిథిగా ఉండి 'జనగణమన'ను ఆంగ్లంలోకి అనువదించిన రవీంద్రనాథ ఠాగూరు, 1924లో పెరూ ప్రభుత్వ ఆహ్వానంపై లిమాకే బయలుదేరాడు. అయకూచో యుద్ధ శతాబ్ద్యుత్సవాలలో పాల్గొనవలసిన ఆ మహాకవి, ఓడలో జబ్బుపడి బ్యూనస్ ఎయిరిస్‌లో ఆగిపోయాడు. అక్కడ విక్టోరియా ఒకాంపో అనే రచయిత్రి ఆతిథ్యంలో దాదాపు రెండు నెలలు గడిపి తిరిగి వచ్చాడే తప్ప పెరూను చూడలేదు. ఆ ఇద్దరినీ రేవుల్లో పూలతో ఎదుర్కొన్నవారు ఉన్నారు. చౌడేపల్లె యువకుణ్ణి ఎదుర్కొనేది విమానాశ్రయం వెలుపల టాక్సీ డ్రైవర్ల గుంపు మాత్రమే.

మితవ్యయ యాత్రలో ఎక్కువ పని ఇల్లు కదలకముందే జరుగుతుంది. బెంగుళూరుకూ లిమాకూ మధ్య ఆకాశమార్గంలో సుమారు పదిహేడు వేల కిలోమీటర్ల దూరం. నేరుగా వెళ్లే విమానం లేదు. ఒకటి రెండు చోట్ల మారి, ఒకటిన్నర రోజు ప్రయాణం చేయాలి. రానుపోను టిక్కెట్టును నాలుగు నెలల ముందు, పండుగలు లేని రోజులు చూసి కొన్నా లక్షా పదివేలు అయింది. వీసా నియమాలు దేశానికొక విధంగా ఉంటాయి, తరచుగా మారుతుంటాయి. విమానం మారే దేశానికి కూడా అనుమతి అవసరమా అన్నది టిక్కెట్టు కొనకముందే తెలుసుకోవాలి. చౌకగా దొరికిందని కొన్న టిక్కెట్టు, దారిలోని దేశం అనుమతి లేక వృథా అయిన సందర్భాలు లేకపోలేదు.

ఇంకొక విషయాన్ని చాలామంది పట్టించుకోరు. పచ్చజ్వరం ఉన్న దేశాల జాబితాలో పెరూ ఉంది. అక్కడినుంచి భారతదేశానికి తిరిగివచ్చేవారు ఆ టీకా వేయించుకొన్నట్లు ధ్రువపత్రం చూపాలి. లేకపోతే ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. టీకా వేయించుకొన్న పదిరోజుల తరువాతనే ఆ పత్రం చెల్లుతుంది. దీన్ని ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలోనే వేస్తారు. వీసా, టీకా, బీమా కలిపి పదివేలు. ఇక చేతిలో మిగిలింది ముప్ఫై వేలు. లిమాలో ఉండదలచింది పన్నెండు రోజులు.

చౌడేపల్లె భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు పదమూడు డిగ్రీల దూరంలో ఉంటే, లిమా దక్షిణాన పన్నెండు డిగ్రీల దూరంలో ఉంది. ఇక్కడ ఉదయం పదిన్నర అయితే అక్కడ అర్ధరాత్రి. భూమధ్యరేఖకు ఇంత దగ్గరగా, సముద్రపు ఒడ్డున ఉన్న ఊరిలో చెమటలు కారవలసిందే అనుకొంటారు. జూలైలో అక్కడ దిగిన యాత్రికుడికి స్వెట్టరు కావలసి వస్తుంది. దక్షిణార్ధగోళంలో అది శీతకాలం. పైగా పెరూ తీరాన్ని ఒరుసుకొంటూ దక్షిణం నుంచి ప్రవహించే చల్లని సముద్రజలం గాలిని చల్లబరుస్తుంది. దానిని హంబోల్ట్ ప్రవాహం అంటారు. చల్లబడిన గాలి పైకి లేవదు, పైకి లేవని గాలి వాన కురవదు. నెలల తరబడి బూడిదరంగు మేఘం నగరంపై కప్పుకొని ఉంటుంది, ముఖానికి తుంపర తగులుతుంది, గొడుగుతో మాత్రం పని ఉండదు. ఏడాది మొత్తానికి కురిసే వాన సాధారణంగా రెండు సెంటీమీటర్లలోపే. అనంతపురం కరవును చూసి జాలిపడేవారు ఈ లెక్కను గమనించాలి. కోటిమంది నివసించే ఈ మహానగరం నిజానికి ఎడారిలో ఉంది.

ఆ కోటిమందికీ నీరిచ్చేవి ప్రధానంగా ఆండీస్ పర్వతాల నుంచి దిగివచ్చే నదులు. వాటిలో ముఖ్యమైనది రీమాక్. కెచువా భాషలో ఆ పేరుకు 'మాట్లాడేది' అని అర్థం. ఆ పేరే స్పానిష్ వారి నోట లిమా అయింది. 1535 జనవరి 18న ఫ్రాన్సిస్కో పిజారో ఈ నగరాన్ని స్థాపించాడు. 1551లో ఇక్కడ వెలసిన సాన్ మార్కోస్ విశ్వవిద్యాలయం అమెరికా ఖండాలలో అతి ప్రాచీనమైన వాటిలో ఒకటి. 1821 జూలై 28న హోసే దె సాన్ మార్టిన్ పెరూ స్వాతంత్ర్యాన్ని ఇక్కడి ప్రధాన కూడలిలోనే ప్రకటించాడు. ఈ చరిత్రంతా కాలినడకన చూడవచ్చు, అందుకు ఖర్చు లేదు.

బస విషయంలో తెలుగువారికి కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. వీరాస్వామయ్య నాటి సత్రమే నేటి హాస్టల్. ఒక గదిలో ఆరు లేదా ఎనిమిది మంచాలు, ఒకదానిపై ఒకటి. మంచానికింత అని అద్దె. తాళం వేసుకొనే చిన్న పెట్టె, అందరికీ కలిపి ఒక వంటిల్లు. పెరూ నాణెం పేరు సోల్, స్పానిష్‌లో సూర్యుడని అర్థం. 2024 ప్రాంతంలో ఒక సోల్ మన ఇరవై రెండు రూపాయలకు దగ్గరగా ఉండేది. మంచానికి నలభై సోళ్లు, మధ్యాహ్న భోజనానికి పన్నెండు, ఉదయం ఫలహారానికి, రాత్రి వంటకు కలిపి పదమూడు, తిరుగుడుకు పది. రోజుకు డెబ్బై అయిదు సోళ్లు, అంటే 1,650 రూపాయలు. పన్నెండు రోజులకు 19,800. మిగిలే పదివేల రెండు వందలూ తాకరాని డబ్బు. జ్వరం వచ్చినా, సంచి పోయినా ఆ డబ్బే దిక్కు. కొత్త యాత్రికులు చేసే పెద్ద పొరపాటు, మొదటి రెండు రోజుల్లో ఖర్చు తగ్గిందని మూడవ రోజు ఆ పదివేల జోలికి పోవడమే.

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల దాకా లిమా వీధుల్లోని చిన్న భోజనశాలలన్నీ 'మెనూ' అనే పూటభోజనం పెడతాయి. మొదట ఒక గిన్నె సూపు, తరువాత అన్నంతో కూడిన ప్రధాన వంటకం, చివర ఒక గ్లాసు పానీయం. అన్నం తినే దేశం కాబట్టి తెలుగువాడికి ఆ విషయంలో బెంగ లేదు. శాకాహారికి మాత్రం చిక్కే. మాంసం లేకుండా అని చెప్పడానికి 'సిన్ కార్నే' అంటారు. ఆ మాట చెప్పిన తరువాత కోడికూర వడ్డించడం అక్కడ తరచుగా జరుగుతుంది. కార్నే అంటే ఎక్కువమంది దృష్టిలో పశుమాంసమే, కోడి ఆ లెక్కలోకి రాదు! కనుక కోడి వద్దు, చేప వద్దు అని విడివిడిగా చెప్పుకోవాలి. అప్పుడు దొరికేవి ఉడికించిన ఉర్లగడ్డలపై పచ్చ మిరప, జున్ను కలిపిన చిక్కని పులుసు పోసే 'పాపా అ లా వాంకాయీనా', పెద్ద గింజల మొక్కజొన్న కంకి, బీన్సు, అన్నం. ఎండబెట్టిన ఉర్లగడ్డలను చెనిక్కాయల పొడితో చిక్కగా వండే 'కారాపుల్క్రా' అనే వంటకం పొయ్యిమీద ఉన్నపుడు వచ్చే వాసన చౌడేపల్లె వంటింటికి అంత దూరం కాదు. అందులో మాంసం వేస్తారన్నది వేరే సంగతి.

నగరంలో తిరగడానికి 2010లో మొదలైన మెట్రోపొలిటానో అనే ప్రత్యేక మార్గపు బస్సులు ఉన్నాయి, మెట్రో రైలు ఉంది. వాటికంటె ఎక్కువమందిని చాలాకాలంగా మోసినవి 'కోంబీ'లు, అంటే చిన్న వ్యానులు. తలుపు దగ్గర వేలాడే కండక్టరు దారిలోని వీధుల పేర్లను ఒకే ఊపిరిలో అరుస్తాడు. 'సూబె, సూబె' అంటే ఎక్కండి, ఎక్కండి. దిగవలసినవాడు 'బాహా' అని కేక వేయాలి. పుంగనూరు బస్టాండు బయట షేర్ ఆటోలో నలుగురు కూర్చునేచోట ఎనిమిదిమంది సర్దుకొని కూర్చున్నవాడికి ఇందులో భయపడవలసింది ఏమీ కనిపించదు. అయితే వీపుసంచిని వీపున ఉంచుకోరాదు, ముందుకు తిప్పి పొట్టకు ఆనించుకోవాలి. రద్దీలో జేబుదొంగలు అక్కడా ఉన్నారు. పాస్‌పోర్టును బసలో దాచి, నకలును మాత్రం వెంట ఉంచుకోవడం మంచిది.

భాష విషయంలో ఒక చిత్రమైన సంగతి ఉంది. లిమాలో స్పానిష్ రాజ్యమేలుతున్నా, పర్వతప్రాంతాల నుంచి వలసవచ్చిన లక్షలాది కుటుంబాల ఇంటిభాష కెచువా. ఆ భాషలో 'వాసి' అంటే ఇల్లు. 'వాసిపి' అంటే ఇంటిలో, 'వాసిమంత' అంటే ఇంటినుంచి. తెలుగులోవలెనే విభక్తి ప్రత్యయం నామవాచకం వెనుక చేరుతుంది, క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. ఇంతమాత్రాన రెండు భాషలూ చుట్టాలని చెప్పడానికి వీలులేదు. ఇటువంటి నిర్మాణం ప్రపంచంలో అనేక భాషలకు ఉంది. కాని స్పానిష్ క్రియారూపాలతో విసిగిపోయిన తెలుగువాడికి కెచువా వాక్యం కొంత ఊరట కలిగిస్తుంది.

యాత్రికులు ఎక్కువగా ఉండే మీరాఫ్లోరెస్ ప్రాంతంలో సముద్రానికి ఎగువన కొండ అంచుపై తోటలు, నడకదారులు ఉన్నాయి. కూర్చుని సూర్యాస్తమయం చూడడానికి రుసుము లేదు, మేఘం తొలగితే సూర్యుడు కూడా కనిపిస్తాడు. పాత నగరంలో ఒకప్పటి రైల్వేస్టేషనును పెరూ సాహిత్య భవనంగా మార్చారు. అందులో ప్రవేశం ఉచితం. 2010లో నోబెల్ బహుమతి పొందిన నవలాకారుడు మారియో వర్గాస్ యోసా రచనలలో లిమా వీధులు ఎన్నోచోట్ల కనిపిస్తాయి. ఆయన 2025 ఏప్రిల్‌లో ఈ నగరంలోనే కన్నుమూశాడు.

ఇదంతా సందర్శకుల లిమా. నగరానికి దక్షిణాన, ఇసుకదిబ్బల మీద వీయా ఎల్ సాల్వడోర్ అనే మరొక లిమా ఉంది. 1971లో ఇండ్లులేని వేలాది కుటుంబాలను ప్రభుత్వం ఆ ఎడారికి తరలించింది. నీరు లేదు, దీపం లేదు. చాపలతో గుడిసెలు వేసుకొని, వీధులను, బడులను, ఉద్యానాలను తామే గీతలు గీసి ఏర్పరచుకొన్నారు. పదహారేండ్లలో ఆ వాడ ఎంత పేరు పొందిందంటే, 1987లో స్పెయిన్ దేశం తన ప్రసిద్ధమైన ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియాస్ పురస్కారాన్ని దానికి ఇచ్చింది.

ఆ కాలంలోనే పెరూ ఆర్థికవ్యవస్థ కుప్పకూలింది. 1990లో ధరల పెరుగుదల ఏడువేల శాతం దాటింది. నేటి రొట్టె ధర రేపటికి నిలవని పరిస్థితి. 1991లో పది లక్షల పాత ఇంతీలకు ఒక కొత్త సోల్ చొప్పున నాణెం మార్చవలసి వచ్చింది. జీతగాళ్ల పొదుపంతా ఆవిరైపోయిన ఆ రోజుల్లో పేటపేటనా స్త్రీలు చేతులు కలిపారు. ఒక్కొక్క ఇంట విడిగా వండుకొంటే చాలని సరుకు, ముప్ఫై ఇండ్లకు కలిపి ఒక పెద్ద పాత్రలో వండితే చాలుతుంది. వంతులవారీగా వండి, నామమాత్రపు ధరకు అందరికీ పంచారు. 1970ల చివర మొదలైన ఈ ప్రజా వంటశాలలు 1980లలో లిమా అంతటా వ్యాపించాయి. పిల్లలకు రోజూ గ్లాసెడు పాలు ఇచ్చే పథకం 1984లో మొదలైంది. దానినీ వాడల స్త్రీలే నడిపారు. ఆంధ్రప్రదేశ్‌లోని డ్వాక్రా సంఘాలనుగాని, 2018లో మొదలై మధ్యలో ఆగి 2024లో తిరిగి తెరుచుకొన్న అన్న క్యాంటీన్లనుగాని చూసినవారికి ఈ వంటశాలల స్వభావం సులభంగా బోధపడుతుంది. తేడా ఒక్కటే. ఇక్కడ క్యాంటీన్ ప్రభుత్వం తెరిచింది, అక్కడ ఆకలిగొన్న స్త్రీలే పొయ్యి వెలిగించారు.

వీయా ఎల్ సాల్వడోర్ మహిళా సమాఖ్యకు నాయకత్వం వహించిన మరియా ఎలెనా మొయానో, తరువాత ఆ పురపాలక ఉపాధ్యక్షురాలైంది. అప్పటికి 'మెరిసే దారి' అనే సాయుధ తీవ్రవాద సంస్థ లిమా వాడలను గుప్పిట్లోకి తెచ్చుకోజూస్తోంది. పేదలు తమ కూడు తామే వండుకొని నిలదొక్కుకొంటే తిరుగుబాటుకు రారన్నది ఆ సంస్థ ఆలోచన. వంటశాలల జోలికి రావద్దని ఆమె బహిరంగంగా ఎదిరించింది. 1992 ఫిబ్రవరి 15న, వాడలోని ఒక సమావేశంలో ఉండగా, ఆమెను కాల్చిచంపారు. అప్పటికి ఆమె వయస్సు ముప్ఫై మూడేండ్లు.

చౌకగా భోజనం దొరుకుతుందని యాత్రికుడు అటువంటి వంటశాలలో వరుసన నిలబడడం న్యాయం కాదు. తన రోజుకూలి డెబ్బై అయిదు సోళ్లు కాదు, అది తన ఖర్చు. ఆ రెంటికీ భేదం తెలియని మితవ్యయం పేదవాడి పళ్లెంలో చెయ్యిపెట్టడమే అవుతుంది. వీధిలో బొమ్మలల్లి అమ్మే ముసలమ్మతో రెండు సోళ్ల కోసం పావుగంట బేరమాడి, ఆ సంగతిని గొప్పగా చెప్పుకొనే యాత్రికులు ఉన్నారు. మార్కెట్లో టమాటగంపను సగం ధరకు అడిగే దళారిని చూసి పెరిగినవాడు ఆ పని చేయలేడు.

తొమ్మిదవ రోజున యువకుడు లార్కో మ్యూజియానికి వెళ్లాడు. 1926లో స్థాపించిన ఆ మ్యూజియం ప్రవేశ రుసుము అతని ఒక రోజు భోజనాల ఖర్చుకు మించినది. ఆ పూట మెనూ మానుకొని, రొట్టె, అరటిపండుతో సరిపెట్టుకొన్నాడు. అక్కడి మట్టిపాత్రలు మోచే ప్రజలవి. ఇంకాలకు కొన్ని శతాబ్దాల ముందు పెరూ ఉత్తర తీరంలో వెలిగిన నాగరికత అది. వారు తమ కుండలపై రాజులను, యోధులనే కాక తాము తినే పంటలను కూడా మలిచారు. మొక్కజొన్న, ఉర్లగడ్డ, వాటి మధ్య చెనిక్కాయ. నడుము దగ్గర నొక్కినట్లున్న ఆకారం, పైన వలవంటి గీతలు. పేరు చదవవలసిన అవసరం రాలేదు.

అదే మోచే ప్రజల ఒక పాలకుని సమాధి 1987లో ఉత్తర పెరూలోని సిపాన్‌లో బయటపడింది. ఆయన మెడలోని హారంలో పది బంగారు చెనిక్కాయలు, పది వెండి చెనిక్కాయలు ఉన్నాయి. పదిహేడు వందల ఏండ్ల నాడు ఒక రాజు ఆభరణంగా ధరించదగిన పంట అది. వేరుశనగ మొదట రూపుదిద్దుకొన్నది బొలీవియా దక్షిణ భాగం, అర్జెంటీనా వాయవ్య భాగాలలో అని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. అక్కడినుంచి పెరూకు, పోర్చుగీసు, స్పానిష్ ఓడలలో ఆఫ్రికాకు, ఆసియాకు చేరింది. చిత్తూరుకు సరిహద్దున తమిళులు దీనిని 'మణిలా కొట్టై' అంటారు. ఫిలిప్పీన్స్‌లోని మనీలా మీదుగా కూడా ఇది వచ్చిందనడానికి ఆ పేరు ఒక ఆనవాలు. ఉర్లగడ్డ జన్మస్థానం పెరూ, బొలీవియా సరిహద్దులోని టిటికాకా సరస్సు ప్రాంతం. టమాట అడవిచుట్టాలు నేటికీ పెరూ తీరపు లోయలలో గోళీలంత కాయలు కాస్తాయి. లిమాలో 1971లో అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం, ఆ మరుసటి ఏడు హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడ్డాయి. మొదటిది ఉర్లగడ్డ రకాలను, రెండవది వేరుశనగ రకాలను వేలసంఖ్యలో చలిగదుల్లో భద్రపరుస్తున్నాయి. కదిరి పరిశోధన కేంద్రం రూపొందించిన రకాలను చల్లే రైతుకు తెలియకపోవచ్చుగాని, అతని చేలోని గింజకు ఇంత పొడవైన ప్రయాణం ఉంది. ఏ వీసా లేకుండా చేసిన ప్రయాణం!

పదకొండవ రోజున యువకుడు సుర్కీయో మార్కెట్టుకు వెళ్లాడు. నీలం, ఎరుపు, నలుపు ఉర్లగడ్డలు, పసుపు మిరప, ఒక మూల సంచుల్లో చెనిక్కాయ. కొన్ని కాయలు మన కాయకంటె పొడవు, మూడు నాలుగు గింజలవి, పైన గీతలు లోతుగా ఉన్నాయి. గింజపై పొర ఊదారంగు. తండ్రి అడిగిన గుప్పెడు విత్తనాలు ఇవే. రెండు సోళ్లకు ఒక పొట్లం కట్టించుకొన్నాడు. బసకు వచ్చి సంచి సర్దుకొంటుండగా ఆలోచన మొదలైంది. అనుమతి పత్రం, తెగుళ్లు లేవన్న ధ్రువపత్రం లేకుండా విదేశీ విత్తనాన్ని భారతదేశంలోకి తేవడాన్ని 2003 నాటి మొక్కల దిగ్బంధన ఉత్తర్వు నిషేధించింది. ఒక్క గింజలో దాగిన శిలీంధ్రమో, వైరసో ఒక సీమ పంటను ఊడ్చివేయగలదు. చెనిక్కాయ తప్ప మరొక దిక్కులేని సీమలో ఆ నష్టం ఎంతటిదో చెప్పనక్కరలేదు. గుప్పెడేకదా, ఎవరు చూస్తారు అనిపించక మానదు. పొట్లం రెండుసార్లు సంచిలోకి పోయింది, రెండుసార్లు బయటికి వచ్చింది.

ఆ రాత్రి లిమాలో తొమ్మిదిన్నర, చౌడేపల్లెలో ఉదయం ఎనిమిది. తండ్రితో ఫోనులో మాట్లాడాడు. బోరు ఆరు వందల అడుగులు దిగింది. తడి తగిలింది, నీళ్లు మాత్రం ఇంకా పడలేదు. ఇంకో వంద అడుగులు చూద్దామని బోరుబండివాళ్లు అంటున్నారట. అడుగుకింత అని లెక్క.

"చూడండి నాయనా. నా దగ్గర పదివేలు మిగిలింది."

"అది నీ దారిఖర్చు గదరా?"

"దారి అయిపోయింది. రేపు బయలుదేరుతున్నా."

"విత్తనాలు?"

విత్తనాలు ఎందుకు తేరాదో యువకుడు చెప్పాడు. తండ్రి కొంతసేపు మాట్లాడలేదు. "తెగులు అంటిన చేను నేనూ చూసినాలే" అన్నాడు. "ఎట్లుంది గింజ?"

మరునాడు విమానానికి ఇంకా సమయం ఉండగా, యువకుడు ప్రధాన కూడలిలోని బల్లపై కూర్చొని పొట్లం విప్పాడు. ఒక్కొక్క కాయనే ఒలిచి తిన్నాడు. మన గింజకంటె కొంచెం తీపి ఎక్కువ, నూనె తక్కువ అనిపించింది. తొక్కలను పొట్లంలోనే చుట్టి చెత్తబుట్టలో వేసి, సంచిని ముందుకు తిప్పుకొని విమానాశ్రయానికి పోయే బస్సు కోసం నిలబడ్డాడు.

అర్థాలు

మితవ్యయం = తక్కువ ఖర్చు; పరివారం = వెంట ఉండే జనం; వాంఛ = కోరిక; రుసుము = ప్రవేశానికి చెల్లించే సొమ్ము; దళారి = కొనేవానికీ అమ్మేవానికీ నడుమ బేరం కుదిర్చేవాడు; దుడ్డు = డబ్బు (రాయలసీమ వాడుక); దిగ్బంధనం = కదలకుండా కట్టడి చేయడం; ఆనవాలు = గుర్తు

సంధులు

శతాబ్ద్యుత్సవం = శతాబ్ది + ఉత్సవం - యణాదేశ సంధి
విశ్వవిద్యాలయం = విశ్వవిద్యా + ఆలయం - సవర్ణదీర్ఘ సంధి
సూర్యాస్తమయం = సూర్య + అస్తమయం - సవర్ణదీర్ఘ సంధి

ప్రశ్నలు

1. లిమా నగరం సముద్రతీరాన ఉండికూడా ఎడారి కావడానికి కారణమేమి?
2. ప్రజా వంటశాలలు ఏ పరిస్థితులలో వ్యాపించాయి? వాటిని కాపాడడానికి మరియా ఎలెనా మొయానో చేసిన కృషిని వివరించండి.
3. "తన రోజుకూలి డెబ్బై అయిదు సోళ్లు కాదు, అది తన ఖర్చు" - సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. యువకుడు విత్తనాలను ఇంటికి తీసుకురాకపోవడం సరైనదేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.
5. మీ ఊరిలో పండే ఒక పంట ఏ దేశంనుంచి, ఏ దారిన వచ్చిందో తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.